వెలుగు బావి

కటొవీత్సె స్టేషన్లో దిగి
బొగ్గు కార్యాలయం ఎటని అడక్కండి.
'నల్లపెట్టె' అనండి, చాలు,
ట్రాము నడిపేవాడు గడ్డంతో చూపిస్తాడు.
ఇరవై రెండంతస్తులు.
ఏ గని ఎన్ని టన్నులు కక్కిందో
ఒకప్పుడు అక్కడి కాగితాల మీదే తేలేది.
గనులు మూతపడ్డాయి. కాగితాలు మూటగట్టుకు పోయాయి.
పదకొండేళ్లు
పావురాలే గుమాస్తాలు.

ఇప్పుడందులో కాపురాలట.
కింద రొట్టెల కొట్టు, దాని మీద బాలబడి,
పళ్ల డాక్టరు, గ్రంథాలయం,
నూట నలభై వంటిళ్లు, నడినెత్తిన తోట.
తిమోన్ ఆర్కిటెక్టు. అంకెలు చెబుతాడు.
నేను టేపు పట్టుకుని రాసుకుంటాను.

మొదటి వారమే తెలిసింది చిక్కు:
భవనం మరీ లావు.
కిటికీ నుంచి ఏడడుగులు వేస్తే సాయంత్రం,
పన్నెండు వేస్తే నడిరాత్రి.
గుమాస్తాకైతే ట్యూబులైటుతో సరిపెట్టారు,
పాకే బిడ్డకు ఎలా సరిపెడతాం?
మధ్యలో, పైనుంచి కిందిదాకా,
వెలుగుకో బావి తవ్వాలి.
కంప్యూటరు మూడు చోట్లు చూపించింది.
ఒకచోట స్తంభం అడ్డు, ఒకచోట పైపులు,
మూడోచోట ఖర్చు.

గెనొవెఫాను పిలిపించింది అందుకు కాదు.
నేలమాళిగ తాళాలు ఆమె దగ్గరే ఉండిపోయాయని.
ముప్పై ఒక్క ఏళ్లు పద్నాలుగో అంతస్తు తుడిచిన మనిషి.
తలుపుల్లేని, ఆగని ఆ పాత లిఫ్టులోకి
ముందు బకెట్టు, వెనక కాలు,
రోజుకు నలభైసార్లు దూకిన మనిషి.
లిఫ్టు ఇప్పుడు తొమ్మిదికీ పదికీ మధ్య
నోరు తెరుచుకుని నిలబడిపోయింది.
మెట్లెక్కి వచ్చింది. ఆయాసం తీర్చుకుంది.
మా నక్షా వైపు చూడనేలేదు.

"ఈ గోడ దగ్గర
తడినేల ముందు ఆరేది," అంది.
"శీతాకాలంలో కూడా.
ఎందుకో నన్నెవరూ అడగలేదు."

అలోయిజ్ సుత్తితో తట్టాడు.
గోడ డొల్లగా పలికింది.
ఇటుకల వెనక, ఏ నక్షాలోనూ లేని గొయ్యి,
ఫైళ్ల బండ్లు ఎక్కిదిగిన దారి,
మిద్దె నుంచి మాళిగదాకా
గాలి ఒక్కటే ఇన్నాళ్లూ డ్యూటీ చేసిన చోటు.
తిమోన్ కాసేపు మాట్లాడలేదు.
నీళ్ల జాడ చెప్పేవాడి చేతిలో పంగల కర్రలా
ఆమె చేతిలో అప్పుడు
తాళాల గుత్తి ఊగుతోంది.

ఈ ఊళ్లో తవ్వడం రానివాడు లేడు.
అలోయిజ్ గనిలో పందొమ్మిదేళ్లు పనిచేశాడు.
"ఎప్పుడూ చీకట్లోకే తవ్వాం,
ఆకాశం నుంచి కిందికి తవ్వడం ఇదే మొదలు," అంటూ
ఒక్కో అంతస్తునీ రొట్టెముక్కలా కోశాడు.
మే నెలలో ఒక మధ్యాహ్నం
ఆఖరి కాంక్రీటు పలక విరిగింది.
బావిలో జల పడితే ఎలా అరుస్తారో అలా అరిచాం:
పడింది! పడింది!
అలోయిజ్ టోపీ తీసి
బోర్లించకుండా, వెల్లకిలా పట్టుకున్నాడు,
నింపుకోవడానికన్నట్టు.

ప్రారంభానికి బ్యాండు వచ్చింది. రిబ్బను కత్తిరించారు.
ఇత్తడి పలక మీద బ్యాంకు పేరుంది, మునిసిపాలిటీ పేరుంది,
తిమోన్ పేరుంది.
అది ఊరికే తలమానికమని పత్రికలు రాశాయి.
ఊరు మాత్రం నల్లపెట్టె అనడం మానలేదు.
పద్నాలుగో అంతస్తులో ఒక గది ధర అడిగి
గెనొవెఫా పకపకా నవ్వింది.
ట్రామెక్కి వెళ్లిపోయింది.

కానీ గురువారాలు వస్తుంది,
నిన్నటి రొట్టె సగం ధరకిస్తారు కాబట్టి.
బావి కింద నిలబడుతుంది.
పై నుంచి బాలబడి గోల జారుతుంటుంది,
ఎవరిదో వేపుడు వాసన, ఎవరిదో తడి తువ్వాలు.
ఓ రోజు నేనూ అక్కడే ఉన్నాను.
"వెలుగొచ్చి దుమ్ము బయటపెట్టింది," అంటూ
పిట్టగోడ మీద వేలితో ఓ గీత గీసింది.

ముప్పై ఒక్క ఏళ్లు ఆ వేలు నల్లగానే తేలేది.
ఈసారి తెల్లగా ఉంది.
వాసన చూసింది. గోధుమపిండి.
నాకు చూపించింది, అలోయిజ్‌కు చూపించింది,
కోటుకు రాసుకుంది.

"అయినా తుడవాల్సిందే," అంది.