పదకొండో వరస

ముప్పై రెండు ప్రోగ్రాములు, ఒక ఎర్ర పెన్ను.
కాశీబుగ్గ వైపు నుంచి జీడిపిక్కల పొగ
కిటికీలోంచి వచ్చి సిస్టమ్‌ల మీద కూర్చుంటోంది.
ఫ్యాన్లు సగమే తిరుగుతున్నాయి.

ఢిల్లేశ్వర్రావు ప్రతిదానికీ ఎక్స్ అనే పేరు పెట్టాడు.
ఎక్స్, ఎక్స్ ఎక్స్, ఎక్స్ ఎక్స్ ఎక్స్.
"ముగ్గురు పిల్లల్నీ ఒకే పేరుతో కేకేస్తే
అన్నానికి ఎవరొస్తార్రా?" అని మార్జిన్లో రాశాను.
"ముగ్గురూ వచ్చేస్తారు సార్" అన్నాడు.
అదీ నిజమే.

భానోజీ ఎక్కడా ఖాళీ వదలడు.
ఇఫ్ చెప్పిన మాట ఇఫ్ గొడుగు కిందే నిలబడాలి,
నాలుగడుగులు లోపలికి జరుపు, తడిసిపోతోంది, అని రాశాను.

మొదటి ఏడాది నాకిన్ని మాటలు రావు.
"తప్పు" అని ఒక్కటే రాసేవాణ్ణి.
ఒక గుంటడు ఆ కాగితాన్ని ఎనిమిది మడతలు పెట్టి
ఊగే బెంచీ కాలు కింద దోపాడు.
బెంచీ ఇప్పటికీ ఊగదు.

మూడోది దమయంతిది.
"మా అమ్మ వారం కూలి" అని పైన పేరు.
లోపల ఇంగ్లీషు అక్షరాల్లో అమ్మ, పిక్క, కిలో.
పేర్లు బాగున్నాయి. టిక్కు.
లూపు సరిగ్గా ఆరు రోజులు తిరుగుతోంది. టిక్కు.

పదకొండో వరసలో ఆగాను.
గ్రాముల్ని వెయ్యితో భాగించడానికి
రెండు వాలుగీతలు గీసింది.
రెండు గీతలంటే పైథాన్
నిండు కిలోలు ఉంచుకుని మిగతాది పారేస్తుంది.
ఎనిమిది వేల ఆరొందల యాభై
వట్టి ఎనిమిదైపోతుంది.
"ఒక గీత చాలు, గ్రాములు పోతున్నాయి" అని
ఎర్రగా సున్నా చుట్టాను.

కాగితం పట్టుకొచ్చింది.
వేళ్ళ చివర నల్లగా జీడి సొన.
"పోతన్నాయి సార్" అంది.
"కాటా కాడ అలగే పోతాయి.
తొమ్మిదికి ఏబై గ్రాములు తక్కువున్నా ఎనిమిదే రాస్తారు.
ఒక గీత ఎట్టీసి సూసినాను.
అమ్మ తెచ్చిన డబ్బులకి లెక్క కలవలేదు.
రెండెడితే కలిసింది."

నా ఎర్ర సున్నా ఆ వరస చుట్టూ
ఏం చెయ్యాలో తెలీనట్టు ఉండిపోయింది.
నేనూ గంటల లెక్కన వచ్చే పంతుల్నే.
గంటా ముప్పావు చెప్పినా
రిజిస్టర్లో పడేది గంటే.

కుర్చీ లాక్కుని ఆ పిల్ల పక్కన కూర్చున్నాను.
"నీ వరస మార్చకు.
దాని నెత్తిన ఒక హాష్ పెట్టి
ఎందుకిలా ఉందో ఒక మాట రాయి.
లేకపోతే రేపింకెవడో నాలాగే దిద్దబోతాడు."
రాసింది:
"గ్రాములు మిల్లోళ్ళు ఉంచీసుకుంటారు. ఇది నా తప్పు కాదు."
దిద్దడానికి ఏమీ లేదు.

"ఇంకో గుర్తుంది" అన్నాను.
"వడ్డీ రేటు పక్కన వేస్తారే, శాతం గుర్తు.
ఇక్కడ దానికి వేరే పని.
రెండు గీతలు పారేసింది
అది వెనకాలే వెళ్ళి ఏరుకొస్తుంది."

టైపు చేసింది, ఒక్కో మీటా వెతుక్కుంటూ.
ఆరొందల యాభై, నాలుగొందలు, తొమ్మిదొందలు,
ఏడొందల యాభై, మూడొందలు, తొమ్మిదొందల యాభై.
కింద, ఒంటరిగా: 3950.

ఢిల్లేశ్వర్రావు బెంచీ దాటి వచ్చాడు.
"గ్రాములేనా?" అన్నాడు.
కాసేపాగి, "వారానికేనా?"

దమయంతి ఆ అంకెని అరచేతిలో రాసుకోబోయింది.
సొన మరకల మీద సిరా కనబళ్ళేదు.
చెయ్యి తిప్పి మణికట్టు వెనక రాసుకుంది,
ఆరేదాకా ఊదుకుంది.
నాలుగున్నరకి మిల్లు దగ్గర అమ్మని కలవాలట,
కాటా వేసే వేళకి.

ఇంకా ఇరవై తొమ్మిది కాగితాలున్నాయి.
పెన్ను మూత తీసి మళ్ళీ పెట్టేశాను.
తరవాతి కుర్రాణ్ణి దగ్గరికి పిలిచి
"ఇది ఇలా ఎందుకు రాశావో
ముందు నువ్వు చెప్పు" అన్నాను.