మూడో కాగితం

వార్డోలో మే నెలాఖరుకి రాత్రి ఉండదు.
"రాత్రంతా కూర్చుని చదివాను" అని చెప్పుకునే గొప్ప
మా ఊరి పిల్లలకి దక్కదు.
పన్నెండు కొట్టాక కూడా సూర్యుడు
వంటింటి కిటికీ దగ్గర నిలబడి
నా బల్ల మీదికి తొంగిచూస్తుంటాడు,
పరీక్ష ఆయనకే ఉన్నట్టు.

తూర్‌లైఫ్ మాస్టారు ఏడాది ఫిజిక్సంతా పిండి
ఆరు కాగితాల్లోకి దించారు.
"ఎముకలు ఇస్తున్నాను,
మాంసం మీరే పెట్టుకోవాలి" అన్నారు.
ముక్కు చీదుకుని వెళ్ళిపోయారు.

మొదటిది చలనం. ఫరవాలేదు.
రెండోదాని నిండా బాణాలు,
వాలుబల్ల మీద జారనని మొరాయించే పెట్టె ఒకటి.
అయిదోది, కరెంటు,
రేవు దగ్గర గాలికి చేతిలోంచి ఎగిరిపోయింది.
సముద్రపు కాకి దానిమీద కాసేపు నిలబడి
తినడానికి పనికిరాదని తేల్చుకుంది.
రాగ్నిల్డ్ దగ్గర అరువు తెచ్చి ఎక్కించుకున్నాను,
దాని తప్పులతో సహా.

మూడోదాని దగ్గర మాత్రం
మా ఓస్లౌగ్ పిన్ని వల్ల ఆగిపోయాను.

చేపల ఫ్యాక్టరీ నుంచి అప్పుడే వచ్చింది.
రబ్బరు బూట్లు విప్పకుండానే
నా భుజం మీంచి పైకి చదివింది,
ధరల పట్టీ చదివినట్టు:
"బరువు మోస్తూ చదునైన నేల మీద నడిస్తే
మోసే బలం చేసిన పని, సున్నా."

"సున్నానా?"
"సున్నాయే పిన్నీ."

ఇరవై ఆరేళ్ళు.
ఐసు పెట్టెలు, కాడ్ చేపల ట్రేలు
ఈ గోడ నుంచి ఆ గోడకి,
తడి సిమెంటు నేల,
బంతి పెడితే దొర్లనంత చదును.

నేనేదో సర్దబోయాను.
పైకెత్తినప్పుడు పని ఉంటుంది పిన్నీ,
దించేటప్పుడు మళ్ళీ మైనస్ అవుతుంది, అందుకని...
చెప్పేకొద్దీ గోతిలోకి దిగుతున్నాను.

ఆమె కోప్పడలేదు.
నా చేతిలో పెన్సిలు తీసుకుని
సున్నా పక్కన పొందిగ్గా రాసింది:
"నడుం నొప్పి. ఏ యూనిట్లలో?"
పొయ్యి మీద బంగాళదుంపలు పెట్టి
ఉప్పు కోసం వెతుక్కుంది.

మర్నాడు ఆ కాగితం మాస్టారి ముందు పెట్టాను.
చాలాసేపు చూశారు.
కళ్ళద్దాలు తుడుచుకుని మళ్ళీ చూశారు.
"బరువు పట్టుకుని కదలకుండా నిలబడ్డా
కండరంలో ప్రతి పోగూ
లాగి, వదిలి, మళ్ళీ లాగుతూనే ఉంటుంది.
పని లోపల జరుగుతుంది. వేడై బయటికి పోతుంది."
మరి రాయలేదేం అని అడిగాను.
"చోటు చాల్లేదు" అన్నారు,
అన్నాక, ఆ మాట తనకే రుచించనట్టు
మొహం కిటికీ వైపు తిప్పుకున్నారు.

పిన్నికి చెప్పాను, వేడి సంగతి.
"అదా! ఆ ఐసుగదిలో కూడా
నా చొక్కా వీపున తడిసేది అందుకన్నమాట"
అని బూటులోంచి కాలు లాక్కుంది.

పరీక్షలో ఆ ప్రశ్న రాలేదు.
మొరాయించే పెట్టె వచ్చింది,
రాగ్నిల్డ్ తప్పుల్లో ఒకటి నన్ను ముంచింది.
ఆరుకి నాలుగు.

పై ఏడు పిల్లలకి కాగితాలిచ్చేటప్పుడు
అయిదే ఇచ్చాను.
మూడోది పిన్ని ఫ్రిజ్ తలుపు మీద ఉంది.
వెనకవైపు కాఫీ, సబ్బు, బ్యాటరీలు అని రాసుకుంది.
దుకాణానికి వెళ్ళినప్పుడల్లా తీసుకెళ్ళి
తెచ్చి మళ్ళీ అక్కడే పెడుతుంది,
సున్నా ఉన్న వైపు పైకి కనిపించేలా.