చుక్కలు విడిగా

ఉదయగిరి కొండ కింద
నలభై ఏళ్ళుగా గరిటెలు చెక్కతా ఉండా.
నర్ది కొయ్య ఎండేటప్పుడు
ఏ పక్క నోరు తెరుస్తుందో నా వేళ్ళకి తెలుసు.
అక్షరమంటే మాత్రం
బస్సు నొసట ఉండే రంగు, అంతే.

మొన్న జుమ్మా అయినాక
ఉస్తానీ నఫీసున్నీసా వచ్చి
ఖాయిదా పుస్తకం నా ఒళ్ళో పెట్టింది.
"పిల్లోళ్ళు వరసగా పాడేస్తారు ఖాలా,
మధ్యలో వేలు పెట్టి అడిగితే దిక్కులు చూస్తారు.
చేతికి దొరికేట్టు చేసియ్యి.
చుక్కలు మాత్రం విడిగా."

అలిఫ్ ఎంతసేపు? గరిటె కాడ.
సీన్, పళ్ళు మూడే మిగిలిన దువ్వెన.
నూన్ లోతు గిన్నె,
తిన్నాక అందులో ఒక్క మెతుకు.
ఐన్ కాడ మాత్రం రెండుసార్లు చెయ్యి తెగింది,
ఆ ఒంపు నా చేతికి కొత్త.
బే కీ తే కీ సే కీ ఒకటే తొట్టి,
పైనా కిందా బెజ్జాలు పెట్టినా.
మిగిలిన పొట్టు ముక్కలన్నీ చుక్కలు.

మసీదు వసారాలో గోనెసంచి బోర్లిస్తే
మామిడి టెంకల మీద పడినట్టు పడినారు.
గౌస్ పీర్ మనవడు ముందు అలిఫ్ ని కొరికి చూసినాడు.
చుక్కల్లేని తొట్టి పట్టుకుని
"ఇదెవురు?" అంటే
"ఇంకా పుట్లా" అనింది తహూరా.

ఆరు అక్షరాలు ఎడమ పక్కోళ్ళకి
చెయ్యి ఇయ్యవంట.
"అలిగినాయా?"
"లేదు మే, కుడి పక్కోళ్ళు పట్టుకుంటే
కాదనవు గదా" అని నవ్వింది ఉస్తానీ.

తహూరా నా పక్కకి జరిగి
"నీ పేరేంది నానీ?" అనింది.
బీబన్.
బే పెట్టింది, యే పెట్టింది,
మళ్ళా బే కోసం సంచంతా తడిమింది.
ఒక్కటే చేసినా నేను.
నాకు తల కొట్టేసినట్టయింది.
ఆ పిల్ల తే ని లాక్కుని
పైన రెండు చుక్కలూ పీకి
కింద ఒకటి గుచ్చింది.
నూన్ మెతుకు ఎవుడో పారేసినాడు,
చింతపిక్క పెట్టింది.

సిమెంటు గచ్చు మీద
కుడి నుంచి ఎడమకి
నేను.
పింఛను కాయితం మీద వేలిముద్రగా తప్ప
ఎక్కడా పడి ఉండలా ఇట్లా.

అసర్ అజాన్ అయింది.
తహూరా నా పేరుని రెండు చేతులా ఊడ్చి
సంచిలో పోసింది,
రేపటికి అవే ముక్కలు కావాలంట.

ఇంటికొచ్చి కొంగు దులిపితే
టక్కుమని ఒక చుక్క.
ఏ అక్షరందో అది చెప్పదు.
పొద్దున్నే పోయి అడగాల.