నిన్నటి పులుసు

ముప్పయ్యేళ్లు నేను నిన్నటి పులుసే అమ్మాను.
నెల్లూరు, స్టోన్‌హౌస్‌పేట సందులో
మూడు బల్లల మెస్సు.
రాత్రి దించిన దాకకు గుడ్డ కట్టి పక్కన పెట్టి
తెల్లారి మూత తీస్తే
మామిడి పులుపు కొర్రమీను ముక్కలోకి దిగి,
మెంతి మెత్తబడి,
నూనె పైకి తేలి...
"ఈరోజుది వద్దు మాలకొండమ్మా, నిన్నటిదుందా?"
అడిగి మరీ కూర్చునేవాళ్లు
కోర్టు గుమాస్తాలు, లారీ డ్రైవర్లు.

మద్రాసులో ఎడం రొమ్ము తీసేశాక
సుప్రజ అనే పిల్ల, నా మనవరాలి ఈడుది,
కాయితం మీద రాసి చుట్టూ గీత గీసింది:
నిలవది తినొద్దు.
ఏ పూటది ఆ పూటే.

ఇంకా రాసింది.
ఎడం చేత్తో బరువెత్తొద్దు.
ఆ చెయ్యి కాల్చుకోవద్దు, కోసుకోవద్దు.
"ఏం పని చేస్తావమ్మా?" అనడిగింది ఆఖర్న.
చేపలు కోస్తాను, పొయ్యి దగ్గర నిలబడతాను, అన్నాను.
కలానికి మూత పెట్టి
కాసేపు నా మొహం వంక చూసింది.

మూడో కీమోకి నోరు ఇనుమైంది.
నీళ్లు ఇనుము. మజ్జిగ ఇనుము.
గుక్కెడు గంజి తాగినా
బోరింగు పిడి నాకినట్టు.
పులుసు చవి చూసి ఉప్పు చాల్లేదని వేశాను,
మళ్లీ వేశాను.
ఆ రోజు ఎవరూ ఏమీ అనలేదు.
చెయ్యి కడుక్కుని, లెక్క ఇచ్చి పోయారు.
ఆకుల్లో మిగిలిన ముక్కలు చూశాక తెలిసింది నాకు.

గరిటె వెంగమ్మకిచ్చాను.
పద్దెనిమిదేళ్లుగా రోజూ తోమే గరిటే,
ఆ పూట అదేదో కొత్తగా బరువైనట్టు
రెండు చేతులు కొంగుకి తుడుచుకుని పట్టుకుంది.

బంధువులొచ్చారు.
ఒకామె లక్ష్మణఫలం ఆకు కషాయంతో,
ఒకాయన చక్కెర మానితే గడ్డ మాడి చస్తుందనే కబురుతో.
పామూరు నించి మా చిన్నాయన
సీసాలో ఏదో పచ్చటిది తెచ్చాడు, పేరు చెప్పకూడదట.
అన్నీ తీసుకుని అటక మీద పెట్టాను.
"గుడ్డు తిను, పప్పు తిను,
నన్నడక్కుండా ఏ పసరూ తాగొద్దు" అంది సుప్రజ.

వక్కాకు సంచి పెన్నలో వేశాను.
వేశానంటే, నేను వెయ్యలేదు,
వెంగమ్మకిచ్చి వెయ్యమన్నాను.
ఇప్పటికీ అన్నం తిన్నాక
చెయ్యి దానంతటదే బొడ్లోకి పోతుంది,
ఏమీ దొరక్క కుచ్చిళ్లు సర్దుకుంటుంది.

పొద్దున్నే పెన్న కట్ట మీద అరగంట నడక.
మార్కెట్టుకి నడిచాను, అప్పులోళ్ల ఇళ్లకి నడిచాను,
ఎక్కడికీ పోకుండా నడవడం
ఈ వయసులో నేర్చుకున్నాను.
మొదట్లో సిగ్గేసి
చేతిలో ఖాళీ సంచి పట్టుకునేదాన్ని.

ఉదయగిరి జిలానీ,
బస్టాండులో చెక్క గరిటెలమ్మే మనిషి,
పాత బాకీ కింద ఒక చెంచా ఇచ్చాడు.
"నోరు ఇనుమైందంటగా అక్కా. ఇది బిక్కి చెక్క."
బొటనవేలంత గుంట. దాన్లో పట్టేదెంత!
రెండు మెతుకులు, చుక్క రసం.
రోజుకి ఆరుసార్లు, దాంతోనే.
ఆకు నిండా అన్నం గుమ్మరించిన చెయ్యి ఇది.

మొన్న బుధవారం
వెంగమ్మ దాకలోంచి ఒక మామిడి ముక్క తీసి
ఆ చెంచాలో పెట్టింది.
ఊరికే నాలిక మీద ఉంచుకున్నాను.
ఇనుము. ఇనుము.
ఆ వెనక ఎక్కడో, దవడ మూల,
పులుపు.
సన్నగా, మూసిన తలుపు కింద దీపం వెలుతురులా.
నేను కళ్లు మూసుకుంటే వెంగమ్మ బెదిరిపోయి
"కారమా?" అంది.
"మెంతులు రోంత మాడ్చావు" అన్నాను.

రాత్రి దాకకు గుడ్డ కడుతూ అడిగింది,
రేపటికి ఎంతమందికని.
నలభై, అన్నాను.
కాసేపాగి, నలభయ్యొకటి, అన్నాను.
వెంగమ్మ గోడ మీద కాయితం వంక చూసింది.
"నలభయ్యే.
నీకు పొద్దున వేడిగా వేరే పెడతాలే" అంది.

ఏమంటాను?
గరిటె తన దగ్గరుంది.