మూడో గేటు

తొమ్మిదిన్నరకు గొలుసు తీస్తం.
నాంపల్లి టేషన్ దిక్కుకెల్లి మొదటి గుంపు వస్తది:
నల్లకోట్లు, తాళ్లు కట్టిన ఫైళ్లు,
చంకల నిద్రవోయే పిల్లలు.
పచ్చ పరదా ఎనుక నిలవడి
ఆడోళ్లను ఒక్కొక్కలను పిలుస్త.
నా చేతిల నల్లకర్ర
ముట్టకుండనే ఒళ్లంత తడుముతది.
పద్నాలుగేండ్ల హోంగార్డు నౌకరిల
నేనింక అంత మర్యాద నేర్వలె.

పోయిన ఎండకాలం
రెండో అంతస్తు మెట్లమీద
ఒకడు కొబ్బరికత్తి తీసిండు.
ఆమె బతికింది.
కుడిచేతి రెండు వేళ్లు ఇప్పుడు వంగవు.
ఎడమచేత్తోని సంతకం వెడితే
పాత సంతకంతోని కలుస్తలేదని
కాయితం వాపసు పంపిండ్రు.

ఆ తర్వాత అన్నీ వచ్చినయి.
సంచులను మింగి అవతల కక్కే మిషన్,
తలుపు లేని దర్వాజ,
పదహారు కెమెరాలు. అండ్ల నాలుగు
పావురాల గూళ్లనే చూస్తయి.
దర్వాజ మెట్టెలకు మొత్తుకుంటది,
మోకాలిల ఏసిన రాడ్డుకు మొత్తుకుంటది.
వకీలు సాబ్‌లు దాటినా మొత్తుకుంటది గని
మెడల తెల్లపట్టీ కనవడంగనే
మా చెవులు మూతవడతయి.
ఆనాడు ఆ కత్తి ఏ సంచిల వచ్చిందో
ఎవలూ అడగలె.

నా కాళ్లకాడ ఖాళీ పెయింటు డబ్బ.
పగటియాళ్లకు సగం నిండుతది:
అగ్గిపెట్టెలు, ఉల్లిగడ్డలు కోసే చాకు,
బడికెల్లి సీదా వచ్చిన పిల్లగాని కంపాసు,
ఎవలిదో కట్టుడుపండ్ల సెట్టు
(అది నేను గుంజుకోలె,
ఆయనే మరిచిపోయిండు).

కిష్టవేణి కొంగుముడిల కారం పొట్లం దొరికింది.
బాలానగర్ల గోలీల కంపెనీల ప్యాకింగు పని ఆమెది.
భరణం కేసు, పదకొండో వాయిదా.
"తియ్యి బిడ్డా" అన్న.
తీసింది. కొట్లాడలె.
"లోపల నువ్వున్నవక్కా,
బస్సుస్టాపుకాడ ఎవలున్నరు?" అన్నది.

నా డ్యూటీ గేటుకాడి సున్నపు గీత దాక.
వానకు కొట్కపోతే మల్ల గీస్తం.

భద్రత మీద మీటింగు పెట్టిండ్రు.
పెద్దసార్లు, ఇరానీ చాయ్, ఉస్మానియా బిస్కెట్లు.
"కిందోళ్లు ఎవలన్న ఏమన్న చెప్తరా?" అన్నరు.
హెడ్డు జంగయ్య నా బూటు తొక్కిండు.
అయినా లేచిన.
"సార్, వాయిదా అయినంక
ఇద్దరినీ ఒక్కపారే ఇడుస్తున్నం.
ఆమెను ముందుగాల పంపి
ఆయనను అర్ధగంట కూసోవెడితే సాలు.
పైస ఖర్చు లేదు."
రాసుకున్నరు.
వారం తిరగకముందే పదిహేడో కెమెరా వచ్చింది.
అది నన్ను చూస్తది.

ఇయ్యాల పన్నెండో వాయిదా.
నాలుగుంబావుకు కిష్టవేణి దిగింది.
ఎనుక మెట్లమీద మొగని చెప్పుల చప్పుడు.
పొట్లం ఆమె చేతిల వెట్టి
రిజిస్టర్ల రాసిన:
కూర కారం, ఇంటికి.
ఆమె గీత దాటింది.

మొగని ఫోను కౌంటర్ల ఉన్నది, టోకెను నలభై మూడు.
జంగయ్య మొదటి అర ఎతికిండు,
రెండో అర ఎతికిండు,
కండ్లద్దాలు తీసి అంగీకి తుడిసిండు,
ముప్పై నాలుగు పట్టుకొచ్చి "ఇదేనా?" అన్నడు,
మల్ల మొదటి అర కాడికి పోయిండు.
వాడు కౌంటరు గుద్దుతుంటే
"జర సబర్ చెయ్యి సాబ్,
ఇప్పుడు సెక్యూరిటీ పెరిగింది" అన్నడు.
నా దిక్కు సూడలె.
నేను ఆయనకు చెప్పనూ లేదు.

రోడ్డుమీద బాలానగర్ బస్సు ఆగింది, కదిలింది.
జీరో టికెట్ తీస్కొని
కిటికికాడ కూసున్నదో నిలవడ్డదో
పరదా ఎనుకకెల్లి కనవడలె.

నాలుగూ నలభై అయిదుకు ఫోను దొరికింది.