దేవగన్నేరు మీద నలుపు

పదకొండేళ్లు
ఆ నలుపు నాదేననుకున్నాను.

జ్ఞానాపురంలో మా వాకిట్లో దేవగన్నేరు,
గోడ మీంచి మెడ చాచి
కాన్వెంట్ జంక్షన్ లారీల హారన్లు వినేది.
నేను పోర్టులో, క్రేన్ మీద.
ఓడ కడుపులోంచి బొగ్గు తోడి తోడి పోసేవాణ్ణి.
గాలి ఇటు తిరిగిన రోజు
నాకంటే ముందే ఇల్లు చేరేది నా పని:
కిటికీ చువ్వల మీద, బిందె మూత మీద,
ఫిలోమినా ఆరేసిన తెల్ల దుప్పటి మీద.
వేలితో గడప తుడిచి చూపించేది,
"వచ్చేశావు, ఇంకా డ్యూటీ దిగకుండానే."

అందుకే ఆకులు నల్లబడితే
నేనేమీ అడగలేదు.
పూత తగ్గింది, కొమ్మల చివర్లు ముడుచుకున్నాయి.
రిటైరయ్యాక కూడా తప్పు ఒప్పుకున్నవాడిలా
బకెట్టుతో నీళ్లు చల్లాను,
పై ఆకుల మీదే.

కొట్టేద్దామని పిలిస్తే వచ్చింది నూకరత్నం,
సబ్బవరం నర్సరీలో పాతికేళ్లు అంట్లు కట్టిన మనిషి.
కత్తి తీయలేదు. ఒక ఆకు తెంపి
నా వేలు పట్టుకుని దాని మీద రాసింది.
"సూడు తాతా. బొగ్గయితే పొడిపొడిగా రాలిపోద్ది.
ఇది జిగురు."

ఆకు తిప్పింది.
ఈనెల పక్కన పిండి.
చూస్తూ ఉంటే కదిలే పిండి.
పిండినల్లి రసం పీలుస్తుంది,
అరగని తీపిని కిందికి చిమ్ముతుంది,
ఆ తీపి మీద బూజు పడుతుంది, నల్లగా.
ఆ తీపి కోసమే చీమలు
మొదలు నుంచి చివర దాకా షిఫ్టు మారకుండా
నల్లికి కాపలా కాస్తూ, మోస్తూ,
కొత్త కొమ్మ మీద దించుతూ.
లోడింగు, అన్‌లోడింగు.
నాకు తెలిసిన పనే.

కోపమొచ్చి అన్నిట్లోకి పెద్దదాన్ని నలపబోయాను.
చెయ్యి మీద ఒకటేసింది.
"అది అక్షింతల పురుగు పిల్ల!
నల్లి యేషం కట్టి నల్లినే తింటాది.
యిషం కొట్టావా, ముందు సచ్చేది అదే."
మరి తేడా ఎలా తెలుస్తుంది?
"నిలబడి సూడు. గబగబా నడిసేది మనది."

నల్లి ముసిరిన చివర్లు కోసి సంచిలో మూతి కట్టింది.
తెగిన చోట కారే పాలు కంట్లో పడనీకు అంది.
పైపు నీళ్లు ఆకు కింది నుంచి, గట్టిగా.
ఎండ దిగాక వేపనూనె, లీటరుకి ఐదు మిల్లీలీటర్లు,
కుంకుడు రసంతో చిలికి,
వారానికోసారి.
చీమల దారి మూయడానికి గ్రీజు కావాలంది.
"బెరడుకి పూయకు. గుడ్డ చుట్టి, గుడ్డకి పూయి."

గ్రీజు నా దగ్గరుంది.
క్రేన్ ఇనుప తాళ్లకి రాసేది, డబ్బా అడుగున పిడికెడు.
ఎందుకు దాచుకున్నానో
ఇంట్లో ఎప్పుడూ చెప్పలేదు.
గుడ్డ మాత్రం ఫిలోమినా ఇచ్చింది:
నా నీలం డ్యూటీ చొక్కా,
చేతులు చించి.

నాలుగో వారం కొత్త ఆకులు,
అరచేతంతేసి.
ఒకదాన్ని తుడిచి చూశాను.
వేలికి నలుపంటింది.
ఊదితే రాలిపోయింది.

"ఇది నీదే," అంది ఫిలోమినా,
కొంచెం మురిపెంగానే.