రెండు రూపాయల అభ్యంతరం

కాశీనగర్ బడిలో మూడో గది. వైశాఖం.
వంశధార మీంచి వచ్చే గాలికి కూడా
ఇసక వేడి.
గోడకి కొత్త సున్నం, ఒడియా అక్షరాలు.
పెచ్చు లేచిన చోట పాత తెలుగు 'ఱ' ఒకటి
ఎవరూ పిలవని చుట్టంలా.

ప్రిసైడింగ్ ఆఫీసర్ని నేను.
ఇంట్లో కనకాన్ని, జీతం కాగితంలో కొనొకొని.
రెండు పేర్లకీ ఒకటే నడుంనొప్పి.

పదిన్నరకి మొదటి ఆఫీసరు గట్టిగా చదివాడు:
"తొబితా!"
ఎదురుగా నిలబడ్డావిడే
వెనక్కి తిరిగి చూసింది, ఆ తొబితా ఎవరో అని.

ఏజెంటు లేచాడు. చెవి మీద పెన్ను.
"తబిత అంటే చర్చి పేరండీ.
ఈవిడ్ని చూడండి, ముక్కుకి నత్తు,
చేతికి సింహాచలం తాడు."
టేబుల్ మీద రెండు రూపాయల బిళ్ళ పెట్టాడు.
అభ్యంతరం ఖరీదు అంతే. రూల్సులో ఉంది.
రెండు రూపాయలకి ఏ మనిషినైనా
నువ్వు నువ్వేనా అని అడిగించొచ్చు.

"ఏటమ్మా ఆ బిళ్ళ?"
చెప్పాను.
నవ్వింది. పైపళ్ళు రెండు లేవు.
"నాకు ముందు ముగ్గురు పుట్టి పోనారు.
నాను పడగానే మా యమ్మ
సాటలో ఎట్టి పక్కింటోలకి ఇచ్చీసింది.
తవుడిచ్చి మల్లీ కొనుక్కుంది.
అందికే తవిటమ్మ.
సాటడు తవుడు ఎట్టి కొన్నదాన్ని తల్లీ,
రెండ్రూపాయలంటే నా రేటు పెరిగినట్టే గదా!"

వరస వరసంతా నవ్వింది. ఏజెంటూ నవ్వాడు.
మొగుడి పేరు అడిగితే నోరు విప్పలేదు,
వెనకనున్న కోడలు అందించింది.
లెక్క తేలింది: 'వ' కాస్తా 'బ' అయింది,
'ట' కాస్తా 'త',
చివరున్న అమ్మని ఎవరో కోసేశారు.
అక్షరదోషం, లెక్కలోకి రాదు
అని రాసి సంతకం పెట్టాను.
వేలికి సిరా. మిషను కూత.

ఇక్కడితో ఆపితే
స్టాఫ్ రూములో చెప్పుకోడానికి బాగుంటుంది.

పొద్దున ఎనిమిదికి ఎనోసు రయితా వచ్చాడు.
సవర కుర్రాడు. కొండ దిగి పన్నెండు కిలోమీటర్లు.
చెప్పులు గుమ్మం బయట విప్పి లోపలికొచ్చాడు.
చేతిలో కార్డు జిరాక్సు.
అసలుది విజయవాడ అవతల
ఇటుకబట్టీ మేస్త్రీ పెట్టెలో ఉంది,
తీసుకున్న అడ్వాన్సుకి పూచీగా.

జాబితాలో ఫోటో వాడిదే,
కనుబొమ్మ మీద గాటుతో సహా.
పేరులో ఒక్క ఒత్తు కూడా తప్పిపోలేదు.
ఏ ఏజెంటూ లేవలేదు. ఎవరూ బిళ్ళ పెట్టలేదు.
నేనే అన్నాను, ఊరికే, పైసా ఖర్చు లేకుండా:
"జిరాక్సు చెల్లదు బాబూ."

వాదిస్తాడనుకున్నాను.
కాగితాన్ని పాత మడతల మీదే మడిచి
జేబులో పెట్టుకుని నాకు దణ్ణం పెట్టాడు.
గుమ్మం దగ్గర
చెప్పులు తొడుక్కోడానికి చాలాసేపు పట్టింది వాడికి.
నేను తర్వాతి నంబరు పిలిచాను.

సాయంత్రం ఫారాలు నింపాం.
అభ్యంతరాలు: ఒకటి. జమ: రెండు రూపాయలు.
తిరిగిపోయినవాళ్ళ గడి ఎక్కడుందా అని
కాగితం వెనక్కి కూడా తిప్పి చూశాను.
"ఏం వెతుకుతున్నారు మేడం?" అన్నాడు మొదటి ఆఫీసరు.
లక్క కరుగుతోంది. ఏమీ లేదన్నాను.

రాత్రి పర్లాకిమిడి బస్సులో
ఒళ్ళో సీలు వేసిన కవర్లు.
గుంత గుంతకీ లోపల బిళ్ళ
టక్కుమని అట్టకి తగులుతోంది.
కిటికీ అవతల కొండ. సగం ఎత్తులో
చిన్న వెలుగు ఒకటి మెల్లగా పైకి పోతోంది,
మిణుగురో, బ్యాటరీ లైటో.
తేల్చుకునేలోపు
బస్సు మలుపు తిరిగింది.